గద్ద గూడు కొట్టేయొద్దు, చికెన్ వేస్టు తీయండి: అధికారులకు ఒక తండ్రి బహిరంగ లేఖ

పురపాలక, అటవీ, విద్య, వైద్య, పశుసంవర్ధక, విద్యుత్ శాఖల అధికారులకు,

నమస్కారం.

నాది కడప జిల్లాలో ఒక టౌను. ప్రాథమిక పాఠశాల గేటుకు ఎదురుగా జిరాక్స్, స్టేషనరీ షాపు నడుపుకుంటున్నాను. మా పాప అదే బడిలో చదువుతోంది. ఊరి పేరు, బడి పేరు కావాలనే రాయడం లేదు. ఫలానా ఆఫీసును, ఫలానా ఉద్యోగిని బజారుకీడ్చడం నా ఉద్దేశం కాదు. కర్నూలులో, అనంతపురంలో ఉన్న మా బంధువులతో మాట్లాడితే అక్కడా ఇదే తంతు అంటున్నారు. అర్జీ ఇచ్చాను, ఫోన్లు చేశాను, ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఎక్కడా జవాబు రాలేదు కాబట్టి అందరి ముందు రాస్తున్నాను.

పోయిన మార్చిలో ఒంటిపూట బడులు మొదలైన వారం అది. ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీసి హెడ్మాస్టరు గారికి ఇవ్వడానికి బడిలోకి వెళ్లాను. పిల్లలు చింతచెట్టు నీడలో వరసగా కూర్చుని భోజనం చేస్తున్నారు. మా పాప గుడ్డును చివర్లో తింటుంది. ఎప్పుడూ అంతే, అన్నం అంతా అయ్యాక ఉప్పు అద్దుకుని కొంచెం కొంచెం కొరుక్కుంటుంది. అప్పుడు కూడా గుడ్డు చేతిలో పట్టుకుని పక్కన కూర్చున్న పాపతో ఏదో చెబుతోంది. పళ్లేల మీదుగా ఒక నీడ జారింది. రెక్కల చప్పుడు వినపడేలోపే గద్ద వెనక నుంచి వచ్చి గుడ్డు తన్నుకుపోయింది. పళ్లెం బోర్లా పడింది. పాప ఏడవలేదు, అరవలేదు. తన చెయ్యి తనే చూసుకుంటూ ఉండిపోయింది. చెయ్యి పైన మూడు గీతలు, మొదట తెల్లగా ఉన్నాయి, తర్వాత నెమ్మదిగా రక్తం ఊరింది.

అంతకు ముందు వారంలోనే ఇద్దరు పిల్లలకు తల మీద గోళ్లు తగిలాయని ఆ రోజే తెలిసింది. చింతచెట్టు పైకొమ్మలో గూడు ఉంది, అందులో పిల్లలున్నాయి. నేను షాపులో కూర్చుని ఆ గద్దల జంటను మూడేళ్లుగా చూస్తున్నాను. ఏటా చలికాలంలో పుల్లలు మోస్తాయి, ఎండాకాలానికి పిల్లలను ఎగరేసుకుని పోతాయి. అంతకు ముందెప్పుడూ మనుషుల జోలికి వచ్చినట్టు చూడలేదు.

రెండు రోజుల తర్వాత ఇద్దరు మనుషులు పొడుగాటి దోటి తెచ్చి గూడును లాగేశారు. ఎవరు పంపారంటే చెప్పలేదు. గూడులో నుంచి పుల్లలతో పాటు బైండింగు వైరు, చిరిగిన గుడ్డ పీలికలు, నా షాపులో అమ్మిన నోటుపుస్తకం అట్ట ముక్క కూడా పడ్డాయి. రెండు పిల్లలు పడ్డాయి. ఒకటి అక్కడికక్కడే చచ్చిపోయింది. రెండోదాన్ని ఏ4 పేపర్ బండిళ్లు వచ్చే అట్టపెట్టెలో పెట్టి షాపుకు తెచ్చాను. గోధుమరంగు ఈకల చివర లేత మచ్చలు, ఈకల సందుల్లో ఇంకా నూగు. దగ్గరికి వెళితే వెల్లకిలా పడుకుని కాళ్లు పైకెత్తి గోళ్లు చూపించేది. నిలబడటానికి కూడా ఓపిక లేదు, అయినా మా నుంచి తనను తాను కాపాడుకోవాలని చూసేది.

ఆ మూడు రోజులు నేను చేసిన ఫోన్లకు లెక్క లేదు. ఒక చోట "అది మా పరిధి కాదు, ఫలానా వాళ్లకు చేయండి" అన్నారు. ఆ ఫలానా వాళ్లు "వాట్సాప్‌లో ఫొటో పెట్టండి" అన్నారు. పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే "గేదెలు, గొర్రెలు, కుక్కలు అయితే చూస్తాం, అడవి పక్షి మీద చెయ్యి వేస్తే మాకు మాట వస్తుంది" అన్నారు. ఆ డాక్టరు గారి ఇబ్బంది నాకు అర్థమైంది, ఆయనను తప్పు పట్టను. మూడో రోజు తెల్లవారుజామున షాపు తెరిచేసరికి పిల్ల చచ్చిపోయి ఉంది. తల్లి గద్ద మాత్రం వారం రోజుల పాటు షాపు ముందు కరెంటు తీగ మీద వాలి కూర్చునేది.

సోమవారం గ్రీవెన్సులో అర్జీ ఇచ్చాను. పదిహేను రోజులకు ఫోనుకు మెసేజ్ వచ్చింది, "మీ అర్జీ పరిష్కరించబడినది" అని. ఏం పరిష్కరించారో ఇప్పటికీ నాకు తెలియదు. అందుకే విషయాలు ఒక్కొక్కటిగా మీ ముందు పెడుతున్నాను.

1. మొదట పిల్లల తిండి. ఆ రోజు నుంచి మా బడిలో భోజనం తరగతి గదుల్లోనే. మార్చి, ఏప్రిల్ ఎండలు కడపలో ఎలా ఉంటాయో మీకు చెప్పాల్సిన పని లేదు. రేకుల గదిలో తలుపులు వేసుకుని, చెమటలు కక్కుతూ పిల్లలు సగం అన్నం వదిలేస్తున్నారు. కొందరు గుడ్డు వద్దంటున్నారు. కూలి పనులకు పోయే ఇళ్ల పిల్లలకు రోజు మొత్తంలో బలమైన తిండి అంటే ఆ గుడ్డే. మా పాప ఇప్పటికీ ఇంట్లో కూడా పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తింటోంది. మా అమ్మ భయపడి గుళ్లో శాంతి చేయించింది. ఆ భయాన్ని నేను తప్పు అనను, చిన్నబిడ్డ రక్తం చూస్తే ఎవరికైనా వస్తుంది. కానీ మేము అడిగేది చాలా చిన్న పని. పిల్లలు తినే చోట నాలుగు గుంజలు పాతి పైన గ్రీన్ నెట్ కట్టించండి. నర్సరీల్లో మొక్కలకు కట్టేదే. పైనుంచి తిండి కనపడకపోతే, దిగడానికి దారి లేకపోతే గద్ద రాదు. ఈ మాట బడికి కూడా చెప్పాను, "నిధులు లేవు, శాంక్షన్ కావాలి" అన్నారు. శాంక్షన్ ఇవ్వాల్సింది మీరే కదా.

2. అసలు రోగం గద్ద కాదు, మన చెత్త. బడి ప్రహరీ వెనక వంక (చిన్న వాగు) ఉంది. ఆదివారం సాయంత్రానికి ఆ వంకలో చికెన్ వేస్టు గుట్ట పడుతుంది. పేగులు, తలకాయలు, కాళ్లు, ఈకలు, కొన్నిసార్లు గోతాల్లో కట్టిన చచ్చిన కోళ్లు. షాపుల వాళ్లను అడిగితే "మునిసిపల్ బండి మాది తీసుకోదు, మేం ఎక్కడ వేయాలి?" అంటారు. వాళ్ల ప్రశ్నలో న్యాయం ఉంది. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి తీసుకెళ్లాలని కేంద్రం 2016లోనే ఘన వ్యర్థాల నిబంధనలు తెచ్చింది. మాంసం దుకాణాల చెత్తకు మాత్రం మా టౌనులో వేరే బండీ లేదు, వేరే గుంతా లేదు.

గద్ద బరువు కిలో లోపే. రెక్కలు చాపితే దాదాపు ఐదడుగులు. మామూలుగా ఎలుకలు, తొండలు, చచ్చిన జంతువులు తిని బతికే పక్షి. రోజూ ఒకే చోట, మనుషుల పక్కనే ముక్కలు దొరుకుతుంటే మనిషి భయం పోతుంది, చేతిలోది కూడా తనదే అనుకుంటుంది. ఢిల్లీలో గద్దల గూళ్ల మీద కొందరు పరిశోధకులు ఏళ్ల తరబడి పని చేశారు. 2018లో అచ్చయిన వాళ్ల అధ్యయనం ప్రకారం, చెత్త ఎక్కువగా దొరికే చోట్ల, మొక్కుగా మాంసం ముక్కలు విసిరే చోట్ల గూడు కట్టుకున్న గద్దలే మనుషుల మీద ఎక్కువ దూకుడుగా వస్తాయి. మా వంక, మా చింతచెట్టు, మా బడి సరిగ్గా అదే పరిస్థితి. గూడు కొట్టేశారు సరే, వంకలో గుట్ట అలాగే ఉంది. ఈ జంట పోతే ఇంకో జంట వస్తుంది.

ఆ గుట్ట దగ్గర చేరేది గద్దలు మాత్రమే అయితే ఇంత బాధ పడను. పదిహేను, ఇరవై కుక్కలు అక్కడే ఉంటాయి. బడి వదిలే సమయానికి అవి రోడ్డు మీద ఉంటాయి. ఇక్కడ రాబందుల సంగతి చెప్పాలి. మా నాన్న చిన్నప్పుడు ఎద్దు చచ్చిపోతే ఊరి బయట వేసేవాళ్లట, రాబందుల గుంపు దిగితే పూట తిరిగేసరికి ఎముకలు మిగిలేవట. నేను నా జీవితంలో ఆకాశంలో ఒక్క రాబందును కూడా చూడలేదు. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ అనే నొప్పుల సూది మందు, ఆ కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసింది. 1990ల నుంచి అవి కుప్పకూలిపోయాయి. ఆ మందును పశువులకు వాడకుండా 2006లో నిషేధించారు, కానీ అప్పటికే ఆలస్యమైంది. రాబందులు పోయాక కళేబరాలు కుళ్లడం, కుక్కలు పెరగడం, రోగాలు పెరగడం వల్ల 2000 నుంచి 2005 మధ్య మన దేశంలో దాదాపు 5 లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో లెక్క కట్టారు. అంటే ఊరి చెత్త తినే పక్షిని పోగొట్టుకుంటే ఆ బరువు చివరికి మా లాంటి వాళ్ల ఇళ్ల మీదే పడుతుంది. ఇప్పుడు గద్దల విషయంలో కూడా దోటి పట్టుకునే ముందు ఒక్కసారి ఆలోచించండి.

పశుసంవర్ధక శాఖ వారికి ఇంకొక మాట. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి ఎంత టెన్షన్ పడ్డామో మీకు తెలుసు. గోతాల్లో కట్టి వంకలో పడేసే కోళ్లు ఏ రోగంతో చచ్చాయో ఎవరు చూస్తున్నారు? వాటిని పీకేది గద్దలు, కాకులు, కుక్కలు. ఆ పక్కనే మా పిల్లలు.

మా డిమాండు: చికెన్, మటన్, చేపల దుకాణాల వేస్టుకు ప్రతిరోజూ, ఆదివారం రెండుసార్లు, మూత ఉన్న ప్రత్యేక బండి పంపాలి. ఊరికి దూరంగా లోతైన గుంతలో పూడ్చే ఏర్పాటు చేయాలి. బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి దగ్గర వేసేవారికి జరిమానా వేయాలి. ముందు బండి పెట్టండి, ఆ తర్వాత జరిమానా వేయండి.

3. గూడు గురించి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో వేట అనే మాటకు ఇచ్చిన అర్థంలోనే అడవి పక్షుల గుడ్లు పాడుచేయడం, గూడును కదిలించడం కూడా ఉన్నాయి. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. దోటి తెచ్చిన ఆ ఇద్దరు కూలీలకు తెలిసి ఉండదు. పంపినవాళ్లకు తెలిసి ఉండాలి. గద్ద రెండు మూడు గుడ్లు పెడుతుంది, నెల పైన పొదుగుతుంది, పిల్లలు ఇంకో నెలన్నర, రెండు నెలలు గూట్లో ఉంటాయి. మనుషుల మీదికి దూకేది ఎక్కువగా పిల్లలున్న ఆ కొద్ది వారాలే. పల్లెలో పిల్లలకోడి దగ్గరికి వెళితే అది మన మీదికి ఎగరదా? ఇదీ అంతే. ఆ వారాల్లో చెట్టు వైపు గేటు మూసి రెండో గేటు తెరవచ్చు. ప్రార్థన ఇంకో వైపు జరపవచ్చు. చెట్టు కింద నుంచి పోక తప్పనప్పుడు గొడుగు వేసుకున్నా, పుస్తకాల సంచి తల మీద పెట్టుకున్నా చాలు, వెనక నుంచి వచ్చే పక్షికి తల అందదు. "పైన గూడు ఉంది, జాగ్రత్త" అని మీరు ఒక బోర్డు పెడతామంటే నేనే నా షాపులో ప్రింటు తీసి ఇస్తాను, డబ్బులు వద్దు. మా డిమాండు: అటవీ శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా బడుల్లో, ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో ఏ పక్షి గూడునూ తీయకూడదని అన్ని శాఖలకు సర్క్యులర్ పంపాలి. మా బడిలో గూడు ఎవరి మాట మీద తీశారో విచారించి చెప్పాలి. ఆ కూలీలను మాత్రం బలి చేయొద్దు.

4. దెబ్బతిన్న పక్షి దొరికితే ఎవరికి చెప్పాలి? అడవి జంతువు గానీ పక్షి గానీ చేతికి వస్తే 48 గంటల్లో దగ్గరలోని పోలీస్ స్టేషన్‌కో అధికారికో తెలియజేయాలని అదే చట్టం చెబుతోంది. తెలియజేశాను. ఆ తర్వాత ఏం చేయాలో మాత్రం ఎవరి దగ్గరా ఏర్పాటు లేదు. ఇది గద్దల సంగతి మాత్రమే కాదు. కిటికీ అద్దానికి కొట్టుకుని పడిన డేగను మా వీధిలో ఒకరు రెండు రోజులు పాలలో ముంచిన బ్రెడ్డు పెట్టి చంపేశారు, పాపం ప్రేమతోనే. పాత ఇంట్లో తెల్ల గుడ్లగూబ కనపడితే చావుపిట్ట అని రాళ్లతో కొట్టారు. ఎలుకలను తిని పంటను కాపాడే పక్షి అది. అడిగితే చెప్పే మనిషి ఒక్కరున్నా ఆ రెండూ బతికేవి. మా డిమాండు: జిల్లాకు ఒక ఫోను నంబరు, రాత్రీ పగలూ ఎత్తే మనిషి. ప్రతి డివిజన్‌లో అడవి పక్షులకు వైద్యం చేయడానికి అనుమతి, కొంచెం శిక్షణ ఉన్న ఒక పశువైద్యుడు. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో చీకట్లో ఉంచండి, నీళ్లు నోట్లో పోయకండి, మేం వచ్చేదాకా ఏమీ తినిపించకండి అని ఫోన్లో చెప్పగలిగితే సగం పక్షులు బతుకుతాయి.

5. వైద్య శాఖ వారికి. పాపను తీసుకెళ్లినప్పుడు ఒకరు కుక్కకాటు సూదులు వేయాలన్నారు, ఇంకొకరు ఏమీ అక్కర్లేదన్నారు. గంటన్నర తర్వాత ఒక డాక్టరమ్మ వచ్చి, రేబిస్ పాలిచ్చే జంతువుల నుంచి వచ్చే జబ్బు, పక్షి గీరితే దానికి భయపడక్కర్లేదు, గాయం సబ్బుతో ధారగా కారే నీళ్ల కింద బాగా కడిగి టీటీ వేయించుకోండి అని చెప్పారు. ఆ ఒక్క మాట ముందే గోడ మీద రాసి ఉంటే ఆ గంటన్నర మేము అలా వణికేవాళ్లం కాదు.

6. కరెంటు తీగలు, సంక్రాంతి మాంజా. గూట్లోని బైండింగు వైరు తీగల మీద పడితే లైను ట్రిప్ అవుతుంది, పక్షీ చస్తుంది, వీధీ చీకటవుతుంది. గద్దలు ఎక్కువగా వాలే స్తంభాల దగ్గర తీగలకు తొడుగులు వేయండి. గాలిపటాలకు కట్టే, పక్షుల రెక్కలు కోసే నైలాన్ దారం, అంటే మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది. పండగ వారం ముందు మా వీధిలోనే అది దొరుకుతుంది. అమ్మమని నన్ను కూడా అడుగుతారు, నేను అమ్మను.

7. విమానాల సంగతి కూడా చెప్పాలి. కడపలో విమానాశ్రయం ఉంది, 2021 నుంచి కర్నూలు దగ్గర ఓర్వకల్లులో కూడా విమానాలు దిగుతున్నాయి. విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల లోపల పక్షులను ఆకర్షించే మాంసం వ్యర్థాలు వేయకూడదని 1937 విమాన నిబంధనల్లో 91వ నిబంధన చెబుతోంది. ఆ ఊళ్లలో ఎన్ని వంకల్లో చికెన్ గుట్టలున్నాయో మీరే ఒకసారి తిరిగి చూడండి.

పక్క జిల్లా లేపాక్షిలో జటాయువు పడిన చోటు ఇదే అని చూపించి, అంత పెద్ద విగ్రహం నిలబెట్టుకున్నాం. నంద్యాల జిల్లా రోళ్లపాడు గడ్డి మైదానాలకు చలికాలంలో మధ్య ఆసియా నుంచి పిల్లిగద్దలు (హారియర్లు) వస్తే చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. గరుడ పక్షి గుడి మీద తిరిగితే మా అమ్మ దండం పెట్టుకుంటుంది. ఇన్ని ఉన్న సీమలో, చింతచెట్టు మీది మామూలు గద్ద పిల్లకు అట్టపెట్టె కంటే మంచి చోటు లేకపోయింది. ఇది నాకు ఇంకా కష్టంగానే ఉంది.

ఇప్పుడు చలికాలం. నిన్న పొద్దున షాపు షట్టరు ఎత్తుతుంటే, ఆ జంట మళ్లీ కనిపించింది. అదే చింతచెట్టు, అదే కొమ్మ. ఒక గద్ద నోట్లో పుల్ల, ఇంకొకదాని కాళ్లలో నీలం రంగు ప్లాస్టిక్ తాడు. మా పాప బడికి పోతూ గేటు దగ్గర ఆగి తలెత్తి చూసింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది కానీ, "నాన్నా, ఈసారి కూడా దోటి తెస్తారా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు, మీరు చెప్పాలి.

అవి గుడ్లు పెట్టడానికి ఇంకా కొన్ని వారాలు ఉన్నాయి. ఆలోపు వంకలో గుట్ట తీయించండి, పిల్లలు తినే చోట నెట్ కట్టించండి, ఫోను నంబరు బడి గోడ మీద రాయించండి. మిగతావాటికి గడువు మీరే పెట్టి రాతపూర్వకంగా తెలియజేయండి. వచ్చే నెల మొదటి సోమవారం గ్రీవెన్సుకు బడి తల్లిదండ్రులం అందరం కలిసి వస్తాం. అప్పుడు మెసేజ్ వద్దు, మాట్లాడే మనిషి కావాలి.

ఇట్లు,
బడి గేటు ఎదురు జిరాక్స్ షాపు నడిపే ఒక తండ్రి,
కడప జిల్లా